చెంచా కింద పెట్టండి!

కంప్యూటర్ ముందే భోజనం కానిచ్చే కన్సల్టెంటుని నేను. పోయినేడు డాక్టరుగారు "షుగరు గుమ్మం దాకా వచ్చింది" అనగానే, నాన్నగారి ఇన్సులిన్ సూదులు గుర్తొచ్చి గుండె జారింది. అప్పుడే ఈ పాత కథ చదివాను.

1967లో అమెరికాలో రిచర్డ్ స్టువర్ట్ అనే పరిశోధకుడు ఎనిమిది మంది స్త్రీల అలవాట్లు మార్పించారు. తిన్నదల్లా రాసుకోవాలి. ఒకే గదిలో తినాలి. తింటూ మరో పని చేయకూడదు. ముద్దముద్దకీ చెంచా కింద పెట్టాలి. ఏడాదిలో ఒక్కొక్కరు 26 నుంచి 47 పౌండ్ల దాకా తగ్గారు! ఎనిమిది మందే కదా అంటారా? నిజమే. కానీ 2016లో వెలువడిన, 18-35 ఏళ్ల 599 మందితో చేసిన అధ్యయనంలోనూ తరచు బరువు చూసుకుంటూ అలవాట్లు మార్చుకున్నవారికే మేలు జరిగింది.

నేనూ కంచాన్ని భోజనాల బల్ల మీదకి మార్చాను. ఆర్నెల్లలో నాలుగు కిలోలు తగ్గాను. ఆవకాయ మాత్రం మానలేదండోయ్!