వంశస్మృతి – స్వీయచరిత్రము

చరిత, చరిత్ర శబ్దములు రెండును చరధాతువునుండియే పుట్టినవి. చరితమనఁగా నడచినది, ఇందు క్తప్రత్యయము. చరిత్రమనఁగా నడచుటకు సాధనమైనది. ఇందుఁ గరణార్థమున ఇత్రప్రత్యయము. లోకవ్యవహారమున నీ భేదము లోపించినను, కుటుంబస్మృతుల విషయమున విచారింపఁదగియున్నది. పూర్వుల నడవడి వృద్ధుల నోట నున్నంతవఱకు చరితమే. అది లిఖితమై తరువాతివారికి దారి చూపునపుడు చరిత్రమగును.

ఆంధ్రమున వంశస్మృతికిఁ గావ్యావతారికలు ప్రాచీననిలయములు. తిక్కన తండ్రి కొమ్మన, తల్లి అన్నమ యని నేఁడు తెలియుటకుఁ గేతన దశకుమారచరిత్రమును దిక్కన కంకితముచేసి, యందాతని వంశమును వర్ణించుట కారణము. పితామహుఁడగు మంత్రిభాస్కరుని దిక్కనయే నిర్వచనోత్తరరామాయణమున స్మరించెను. ఇట్లు 13వ శతాబ్దినాఁటి యొక కుటుంబము పేరులతో నిలిచినది. రాజులకును మంత్రులకునే కాదు, వర్తకులకు సయిత మీ భాగ్యము లభించెను. శ్రీనాథుని హరవిలాసమువలన అవచి తిప్పయసెట్టి సోదరుల సముద్రవ్యాపారమును, సింహళపుటేనుఁగులును, హురుమంజి గుఱ్ఱములును తెలియవచ్చుచున్నవి. అయిన నవతారిక స్తుతిప్రధానము. దానమును గీర్తియు నందుండును. అప్పును, ఆఁకలియు, సంశయమును నుండవు. తల్లి పేరుండును, ఆమె పలికిన మాట యుండదు.

రెండవ నిలయము గ్రామకవిలె. కరణములు కాపాడిన కవిలెల నాధారముగఁ గొని, కాలిన్ మెకంజీ (1754–1821) యాజ్ఞచే కైఫీయతులు సమకూర్పఁబడెను. ఈ పనికి దారి తీసిన కావలి బొఱ్ఱయ్య 1803లో మరణింపఁగా, సోదరులు లక్ష్మయ్య, రామస్వామి దానిని సాగించిరి. శిథిలములగుచున్న యా సంపుటములకు సి. పి. బ్రౌను (1798–1884) ప్రతులు వ్రాయింపకున్నచో ననేకము నశించియుండును. కాని కైఫీయతులకు మాన్యములు, దేవాలయములు, అధికారుల మార్పులు ప్రధానములు. వ్యక్తి యంతరంగ మందుఁ గానరాదు.

ఆ లోపమును దీర్చినవారు 19వ శతాబ్దిలోని చెన్నపట్టణపు టుద్యోగులు. సుప్రీముకోర్టున దుబాసీయైన ఏనుగుల వీరాస్వామి 1830–31లలోఁ గాశీయాత్ర చేసి, త్రోవలోని విశేషములను మిత్రుఁడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపెను. వీరాస్వామి 1836లో మరణింపఁగా, శ్రీనివాసపిళ్ల 1838లో వానిని గ్రంథముగ ముద్రింపించెను. అది యాత్రాచరిత్రమే యైనను, వ్రాసినవాని యభిరుచులును, విశ్వాసములును నందుఁ బ్రత్యక్షములు.

ఒంగోలువాస్తవ్యుఁడైన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఉదాహరణ మింతకంటెను బ్రస్తుతము. బాల్యముననే తండ్రిని గోలుపోయి, బహుభాష లభ్యసించి, సదరుకోర్టున భాషాంతరీకర్తయై 1829 వఱకుఁ బనిచేసిన యీతఁడు తన జీవితమును దానే వ్రాసికొనెను. దానిని గుమారుఁడు 1873లో ముద్రింపించెను. తండ్రి మరణమునకును ముద్రణమునకును నడుమ 34 సంవత్సరములు. అంతకాల మా వ్రాఁతప్రతికి రక్ష గృహమే. అందొక్కరు పాఁతకాగితములని పాఱవైచినను నాఁటి చదువుల తీరు, కొలువుల రీతి తెలిపెడి యొక సాక్ష్యము మాసిపోయెడిది. విచారింపఁదగిన దింకొకటి కలదు. ఆ గ్రంథ మాంగ్లమున నున్నది. ఇంటివారి తెలుఁగుమాట లన్యభాషలోనికిఁ బోయినపుడు సంగతి మిగులును గాని కంఠస్వరము మిగులదు. కందుకూరి వీరేశలింగము (1848–1919) స్వీయచరిత్రమును దెలుఁగుననే రచించుటచే నా కొఱఁతయుఁ దీఱినది.

దీనివలనఁ దేలిన సిద్ధాంత మిది. స్మృతి యొక్కటియే ప్రమాణము గాదు. అది శాసనములతోను, దస్తావేజులతోను సరిచూడవలసినది. కాని శాసన మెఱుఁగని విషయములు స్మృతి యెఱుఁగును: ఏ కఱవులో నే యూరు విడిచిరి, ఏ గురువు నొద్ద నేమి చదివిరి, ఏ తల్లి యెవరిని బెంచెను. ఇవి వ్రాయుటకుఁ గవిత్వమక్కఱలేదు. పేరు, ఊరు, సంవత్సరము, వృత్తి, విన్నదెవరివలన నను వివరము, ఇవి చాలును. కన్నదానిని విన్నదానిని వేఱుపఱచి వ్రాసినచో నదియే శాస్త్రీయము. తాటియాకును బురుగు తినును. కాగితమునకుఁ జెద పట్టును. కాని వానికిఁ బ్రతులు వ్రాయవచ్చును. ఒక వృద్ధునితోఁ బోయిన మాటకుఁ బ్రత్యంతరము లేదు.