ఎర్రదీపం చెప్పే మాట: కోయంబత్తూరు, మదురై మోటారు చరిత్ర



పళని కొండకో, మదురై మీనాక్షమ్మ దర్శనానికో, రామేశ్వరానికో సొంత కారులో బయలుదేరేవాళ్లు మన సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఆ దారిలో కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు మనకు ఎదురవుతాయి. విజయనగర రాజుల కాలంలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక పాలన స్థాపించిన తరువాతా అక్కడికి వెళ్లి స్థిరపడినవారి సంతతి వాళ్లు. నాయక రాజుల కథలు మీరు వినే ఉంటారు. ఈ రోజు చెప్పుకోబోయేది అదే నేల మీద నడిచిన మోటారు బండ్ల కథ.

కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893లో పుట్టారు జి.డి. నాయుడుగారు. బడి చదువు ఆయనకు ఎక్కలేదు. ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు మీద ఆ వైపు వచ్చాడు. ఆ బండిని చూసిన యువకుడికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వచ్చి, హోటల్లో పనిచేసి, పైసా పైసా కూడబెట్టి అటువంటి బండినే కొన్నారు. కొన్న తరువాత ఏం చేశారనుకున్నారు? దానిని భాగాలుగా విప్పారు, మళ్లీ బిగించారు. ఆయన చదివిన మొదటి ఇంజనీరింగు పాఠం అదే.

1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీసు, అంటే జనం నోట యు.ఎం.ఎస్. అయింది. అటు మదురైలో 1911లో టి.వి. సుందరం అయ్యంగారు స్థాపించిన టి.వి.ఎస్. సంస్థ బస్సులు నడిపింది. ఆయన తమిళులు. టి.వి.ఎస్. బస్సు వచ్చే వేళను బట్టి గడియారం సరిచూసుకునేవారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1972లో తమిళనాడు ప్రభుత్వం బస్సు మార్గాలను తన చేతిలోకి తీసుకున్నాక మదురైలో పాండియన్, కోయంబత్తూరులో చేరన్ రవాణా సంస్థలు వచ్చాయి.

బస్సులు చేతులు మారినా పనితనం ఊరు వదలలేదు. టి.వి.ఎస్. కుటుంబ సంస్థల్లో ఒకటైన బ్రేక్స్ ఇండియా 1962లో ఇంగ్లండుకు చెందిన లూకాస్ సంస్థతో కలిసి మద్రాసు దగ్గర పాడిలో పుట్టింది. 1970ల మధ్యలో కోయంబత్తూరులో ప్రికాల్ సంస్థ వాహనాల మీటర్లు, డాష్‌బోర్డు పరికరాలు చేయడం మొదలుపెట్టింది. మీ కాలి కింది బ్రేకుకూ, మీ కళ్లముందున్న దీపాలకూ ఈ రెండు ఊళ్లతో ఇంత సంబంధం ఉంది.

పాత బస్సుల్లో ఇన్ని హెచ్చరిక దీపాలు లేవు. పెడలు ఎంత లోతుకు దిగుతోందో డ్రైవరు పాదానికి తెలియాలి, లైనింగు అరిగిన చప్పుడు చెవికి తెలియాలి. ఇప్పుడు ఆ పనిలో కొంత దీపం చేస్తోంది. మరి దీపం భాష మనకు తెలియాలి కదా?

తాళంచెవి తిప్పగానే దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. అప్పుడు కూడా వెలగని దీపాన్ని అనుమానించండి. దాని బల్బు పోయి ఉండవచ్చు, ఎవరైనా తీసేసి ఉండవచ్చు. పాత కారు కొనేవారు ఇది తప్పక చూసుకోవాలి. ఎరుపు అంటే వెంటనే ఆగమని, పసుపు అంటే త్వరలో చూపించమని అర్థం.

వలయంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉన్న ఎర్రదీపం బ్రేకుది. ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా వెలుగుతుంటే బ్రేకు ఆయిలు తగ్గి ఉండవచ్చు. ఇక్కడే చాలామంది ఆయిలు పోసి, దీపం ఆరిందని ఊరుకుంటారు. ఆయిలు ఊరికే తగ్గదు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడో కారినా తగ్గుతుంది. కారణం తెలియకుండా పోసిన ఆయిలు, జ్వరం తగ్గకుండానే థర్మామీటరు దాచేయడం వంటిది. ఏ.బి.ఎస్. పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది గాని, గట్టిగా నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. ఎరుపు కూడా దానికి తోడైతే బండి ఇక కదిలించవద్దు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చమంటారు. మీ బండి పుస్తకంలో ఉన్న గడువే మీకు ప్రమాణం. తేమ చేరిన ఆయిలు కొండ దిగేటప్పుడు బ్రేకుల వేడికి మరిగి ఆవిరి పుట్టిస్తుంది. అప్పుడు పెడలు నేలకంటా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. ఇంజను ఆయిలుగాని, నీళ్లుగాని అందులో ఎన్నడూ పోయవద్దు. లోపలి భాగాలు పాడవుతాయి. కీచుమనే చప్పుడు వచ్చినా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగినా మెకానిక్కుకు చూపించండి.

పొల్లాచ్చి నుంచి వాల్పారై దారిలో 40 హెయిర్‌పిన్ వంపులున్నాయి. మన తిరుమల ఘాటు రోడ్డు మీరెరిగినదే. ఎక్కిన గేరులోనే దిగండి. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగుల్చుకోవాలని చూడవద్దు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే బలం తగ్గిపోతుంది. పెడలు మెత్తబడితే మాటిమాటికీ నొక్కుతూ, గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగండి.

నాయుడుగారు 1974లో కన్నుమూశారు. 2015 నుంచి కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన కుటుంబ సంస్థల కార్ల మ్యూజియం ఉంది. అటు వెళితే చూసి రండి. అయితే బండిని విప్పి తెలుసుకున్న ఆ మనిషిని గౌరవించడానికి మ్యూజియం దాకా వెళ్లనక్కరలేదు. రేపు ఉదయం తాళంచెవి తిప్పి, ఒక్క నిమిషం ఆ దీపాల వంక చూడండి. వెనుక సీటులో మీ పిల్లలు కూర్చుంటారు. ఆ నిమిషం వాళ్లది.

సెలవు.