పిడికెడు బియ్యంతో నడిచిన సంఘాలు

సాంస్కృతిక సంఘం అనగానే మన పిల్లలకు డోలు, కొమ్ము నాట్యం, వేదిక గుర్తొస్తాయి. ఆ వేదిక కట్టినవారు, వచ్చినవారికి వండిపెట్టినవారు, చందా లెక్క రాసినవారు ఎవరికీ గుర్తుండరు. సంఘం పది కాలాలు నిలబడేది మాత్రం వీళ్ల వల్లే. వీళ్లలో ఎవరికి జీతం ఇవ్వాలి, ఎవరు ఊరికే చేయాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి, పెత్తనం ఎవరిది అనే ప్రశ్నలు మన సంఘాలకే కొత్తగా వచ్చినవి కావు. వీటితో వందేళ్లకు పైగా కుస్తీ పట్టినవాటిలో చర్చి ఒకటి.

మనలో ఇలవేల్పులను కొలిచేవారూ ఉన్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవారూ ఉన్నారు. ఏ దారి మంచిదో తేల్చడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. మనుషులను కూడగట్టి పని నడిపిన తీరును మాత్రమే చూద్దాం.

దుమ్ముగూడెం: బయటి నుంచి వచ్చిన పని

1860 ప్రాంతంలో గోదావరి మీద పడవల రాకపోకల కోసం ఆనకట్టలు, కాలువలు కడుతున్నారు. ఆ పనుల్లో ఉన్న బ్రిటిష్ ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ బోధ మొదలుపెట్టించారు. ఆయనకు జీతం ఇచ్చేది ప్రభుత్వం. మిషన్ పనిని స్వచ్ఛందంగా చేసేవారు. ఆయన వల్ల క్రైస్తవుడైన ఐ. వెంకటరామరాజు ప్రభుత్వోద్యోగం వదులుకుని పూర్తిగా ఈ పనిలోకి దిగారు. చర్చి మిషనరీ సొసైటీ దీన్ని తన మిషన్లలో ఒకటిగా చేసుకుంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లు ఉన్నారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఆయన 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాసిన వ్యాసాలు కోయల చరిత్ర చదివేవారికి ఇప్పటికీ అవసరమే.

ఇంత చేసినా కోయల్లో చేరినవారు కొద్దిమందే. లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చారు కానీ, బడీ బోధా ఎక్కువగా తెలుగులోనే సాగాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష అయితే పిల్లవాడు ఎలా బిగుసుకుపోతాడో హాస్టళ్లలో ఉండే మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చినవారి శ్రద్ధకు వంక పెట్టలేం. అయితే పని ఎలా జరగాలో చెప్పిందీ, ఖర్చు పెట్టిందీ బయటివారే. గూడెం వాళ్లు దాన్ని చూస్తూ ఉండిపోయారు.

డోర్నకల్: జీతం ఉన్నవారు, లేనివారు

ఆ తర్వాతి తరంలో, దక్షిణాన తిరునల్వేలిలో కొందరు తమిళ క్రైస్తవులు వేరే దారి పట్టారు. 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు, డబ్బు, నిర్వహణ మూడూ భారతీయులవే కావాలన్నది వాళ్ల నియమం. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పనిచోటుగా ఎంచుకున్నారు. సంస్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని పనిలోకి దిగారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన ఒక చేదు నిజం చెప్పారు. విదేశీ మిషనరీలు తమ ఆస్తినీ ప్రాణాన్నీ ఇవ్వడానికి సిద్ధపడుతున్నారు గానీ, భారతీయులను స్నేహితులుగా సమానంగా చూడటం లేదన్నది ఆయన మాట సారాంశం. రెండేళ్లు తిరిగేసరికి, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా డోర్నకల్ డయాసిస్‌లో కలిశాయి. తెల్లవారు ఒక భారతీయుడి కింద పనిచేయాల్సి రావడం ఆ రోజుల్లో చిన్న మార్పు కాదు.

అజరయ్యకు ఎదురైన చిక్కు మనకు తెలిసిందే. ఊళ్లు వందల్లో ఉన్నాయి, చేరేవాళ్లు వేలల్లో, వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. చదువుకున్న గురువులు చాలా తక్కువ. అందుకని ఆయన పనిని అంచెలుగా పంచారు. ఊళ్లో ఉండి బడి చెప్పి, ప్రార్థన నడిపే ఉపదేశికి చిన్న జీతం ఇచ్చారు. ఉపదేశికి శిక్షణ ఇచ్చేటప్పుడు భార్యకూ చదువు చెప్పారు, ఎందుకంటే ఊరి ఆడవాళ్లతో మాట్లాడాల్సింది ఆమె. ఊరి తగాదాలు, తాగుడు లాంటివి సంఘ పెద్దల పంచాయతీ చూసుకునేది. ఆ పెద్దలకు జీతం లేదు.

సంఘంలో ప్రతి సభ్యుడికీ ఏదో ఒక పని ఉండాలని అజరయ్య పట్టుబట్టారు. బాప్తిస్మం తీసుకునే ప్రతివాడూ బోధించే బాధ్యత కూడా నెత్తిన పెట్టుకున్నట్టేనని ప్రమాణం చేయించేవారు. ఏటా ఒక వారం పాటు కూలీలు, రైతులు, ఆడవాళ్లు పనులు మానుకుని గుంపులుగా పక్క ఊళ్లకు వెళ్లి తమ అనుభవం చెప్పేవారు. డబ్బు విషయంలోనూ పద్ధతి అదే. ఎంత పేదవాళ్లయినా ఇవ్వాలి, అందరూ ఇవ్వాలి అనేవారు. ఆడవాళ్లు వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, కూరగాయలు తెచ్చి కానుకగా పెట్టేవారు.

1945 జనవరి 1న అజరయ్య చనిపోయేనాటికి డయాసిస్‌లో భారతీయ గురువుల వరుస ఒకటి తయారై ఉంది. మనిషి పోయినా పని ఆగలేదు.

మిజో కొండలు: సంఘమే ఆదివాసులదైనప్పుడు

ఆదివాసులే మొత్తం సంఘాన్ని చేతుల్లోకి తీసుకున్న తీరు చూడాలంటే ఈశాన్యానికి వెళ్లాలి. లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు 1894 జనవరి 11న మిజో కొండలకు చేరి, మిజో భాషకు రోమన్ లిపిలో అక్షరాలు కూర్చారు. దుమ్ముగూడేనికీ దీనికీ మొదటి తేడా ఇక్కడే ఉంది. మిజో కొండల్లో చదువు మిజో భాషలోనే సాగింది.

1910 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లు బుహ్‌ఫాయ్ థామ్ మొదలుపెట్టారు. అంటే పిడికెడు బియ్యం. వండిన ప్రతిసారీ ఒక పిడికెడు విడిగా పోస్తారు. సంఘం ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి పోగుచేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చి పనికి, పనివాళ్ల పోషణకు వెళ్తుంది. 1913లో చువాహ్‌ఖామా తొలి మిజో పాస్టర్ అయ్యారు. పాస్టర్‌కు జీతం ఉంటుంది. ప్రతి ఊళ్లో సంఘాన్ని నడిపే పెద్దలు మాత్రం జీతం లేకుండానే చేస్తారు. 1968లో విదేశీ మిషనరీలు వెళ్లిపోయినా చర్చి కుంటుపడలేదు, ఎందుకంటే అప్పటికే దాన్ని నడిపిస్తున్నది మిజోలే.

వాళ్లకు ఈ ఓపిక చర్చి ఒక్కటే నేర్పలేదు. తనకంటే ముందు ఎదుటివాడి అవసరం చూడాలనే 'త్లామ్‌ఙైహ్నా' అనే నీతి వాళ్ల పూర్వీకులదే. 1935 జూన్ 15న పుట్టిన యువజన సంఘం, ఇప్పటి యంగ్ మిజో అసోసియేషన్, ఆ నీతి మీదే నిలబడింది. ఊళ్లో ఎవరైనా చనిపోతే సమాధి తవ్వేది, అడవిలో తప్పిపోయినవారిని వెతికేది ఆ సంఘం యువకులే. ఇల్లు కప్పేటప్పుడు, కోతలప్పుడు ఊరంతా ఒక్కటై కదిలే అలవాటు మన గూడేలకూ ఉంది. వాళ్లు దానికి కమిటీ, రిజిస్టరు, లెక్క జోడించారు.

ఒక లోటు కూడా చెప్పాలి. బియ్యం పోసింది ఆడవాళ్లు, పోగుచేసిందీ వాళ్లే. శతాబ్దం నిండినా మిజోరం ప్రెస్బిటేరియన్ చర్చిలో పాస్టర్ పదవి వాళ్లకు దక్కలేదు.

మన సంఘాలకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మూడు కథల్లోంచి మనం తీసుకోవలసింది ఒకటుంది. పనిచేసేవారిని ఎవరు పోషిస్తే, చివరికి సంఘం వారిదే అవుతుంది. గ్రాంటుతోనో, ఒక నాయకుడి జేబుతోనో నడిచే సంఘం ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న రోజున ఆగిపోతుంది. ఇంటికి పిడికెడు చొప్పున వచ్చేది తక్కువే కావచ్చు. కానీ ఇచ్చిన ప్రతి ఇంటికీ లెక్క అడిగే హక్కు వస్తుంది. ఆ లెక్కను ఏడాదికోసారైనా గూడెం మధ్యన, మన భాషలో, పైకి చదివి వినిపించాలి.

ఏ పనికి జీతం ఇవ్వాలో, ఏ పని సేవగా చేయాలో ముందే తేల్చుకోవాలి. రోజంతా కావలసిన పనిని సేవ పేరుతో ఒకరి నెత్తిన పెడితే అది వెట్టిచాకిరీ అవుతుంది. వంటపొయ్యి దగ్గర నిలబడే ఆడపిల్లలకు కమిటీలో చోటు ఉండాలి, సంతకం చేసే అధికారం ఉండాలి. ప్రతి బాధ్యతకూ వెనకాల ఇంకొకరిని తయారుచేస్తూ పోవాలి. కొమ్ము కట్టే పెద్దాయన పక్కన ఒక కుర్రవాడు, లెక్క రాసే అన్న పక్కన ఒక చెల్లి కూర్చుని నేర్చుకోవాలి. వచ్చే సంచిక పని మొదలయ్యేనాటికి ప్రతి గూడెం నుంచి అలాంటి ఇద్దరి పేర్లు సంఘం రిజిస్టరులో ఎక్కాలని మా కోరిక.