కోతిపిల్ల పట్టు

వంటింట్లో గిన్నె జారి పడిందనుకోండి. ఉయ్యాల్లో పడుకున్న పసిగుడ్డు చేతులు రెండూ బార్లా చాపి, మళ్లీ గుండెల దగ్గరకు తెచ్చుకుని, కెవ్వుమంటుంది. "అయ్యో, దడుచుకుంది నా తల్లి!" అంటూ అమ్మమ్మలు జోకొడతారు. అది భయం కాదు, పుట్టుకతో వచ్చిన విద్య అంటే ఒప్పుకోరు. ఆ విద్య వెనక ఎంత చరిత్ర ఉందో చదివాక, నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

1891లో లూయిస్ రాబిన్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు, 60 మందికి పైగా పసికందులకు సన్నటి కర్ర పట్టించి వేలాడదీశాడు! తల్లులెలా ఒప్పుకున్నారో గానీ, ఇద్దరు తప్ప అందరూ కనీసం 10 సెకన్లు తమ బరువు తామే మోశారట. కోతిపిల్ల తల్లిని కరుచుకునే లక్షణమే మనకీ మిగిలిందని ఆయన వాదన. మర్కట కిశోర న్యాయమని మనవాళ్లు భక్తుడికి చెప్పిన పోలిక, ఆయన ఉయ్యాల్లో చూశాడన్నమాట.

తర్వాత 1918లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పిల్లల వైద్యం చెప్పే ఆచార్యుడు ఎర్నెస్ట్ మోరో, పాపాయి పక్కన దిండు మీద రెండువైపులా చరిచి ఈ ఉలికిపాటును వర్ణించాడు. ఇది తల్లిని కావలించుకోబోవడమేనని ఆయన నమ్మకం. ఈనాటికీ పిల్లల డాక్టర్లు దాన్ని 'మోరో రిఫ్లెక్స్' అనే అంటారు. పుట్టిన బిడ్డ తలను కాస్త వెనక్కి వాల్చి చూస్తారు. ఒక చెయ్యే కదిలితే రెండో చేతి నరానికో, మెడకింది ఎముకకో దెబ్బ తగిలిందేమోనని అనుమానిస్తారు. అసలు కదలకపోయినా, ఆర్నెల్లు దాటాక కూడా పోకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

అవునండీ, ఈ విద్య ఆర్నెల్లలోపే మాయమైపోతుంది. మెదడు ఎదిగి, చేతుల్ని తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. ఆపైన ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని వదలాలో మనిషి ఇష్టం.

మోరో భార్య యూదు వంశస్థురాలు. హిట్లరు రాజ్యంలో అలాంటి ఆచార్యుల కొలువులకు కాలం చెల్లింది. 1936లో ఆయన ఆచార్య పదవి వదులుకున్నాడు. భార్యను వదులుకోలేదు. 1951లో కన్నుమూశాడు.

పసిబిడ్డ పట్టుకు తెలివి అక్కర్లేదు. 1936 నాటి ఆ పట్టుకి మాత్రం ఏ నరమూ సాయం రాలేదు.