బొర్రా గుహల సందర్శన - పరిరక్షణలో పర్యాటకుల పాత్ర

పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంతాల నుంచి వెళ్లి చూసి రాదగిన ప్రకృతి విశేషాలలో బొర్రా గుహలు ముఖ్యమైనవి. తూర్పు కనుమలలో, అనంతగిరి మండలంలో, సముద్ర మట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున ఇవి నెలకొని ఉన్నాయి. పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. గుహల నిర్వహణ ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ చేపట్టినది.

ప్రయాణ మార్గం

పలాస, నౌపడ స్టేషన్ల నుంచి హౌరా - చెన్నై ప్రధాన మార్గంలో విశాఖపట్నం చేరి, అక్కడ ఉదయం బయలుదేరే కిరండూల్ రైలు ఎక్కితే బొర్రా గుహలు స్టేషన్‌లో దిగవచ్చును. విశాఖపట్నం - అరకు మధ్య అద్దాల బోగీ సౌకర్యం 2017 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. రోడ్డు మార్గాన వెళ్లేవారు శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కవలెను. విశాఖపట్నం నుంచి దూరం సుమారు 90 కిలోమీటర్లు.

గుహల ఆవిర్భావం

గాలిలోను, నేలలోను ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాన నీరు సున్నపురాయి పొరలలోకి ఇంకి, దానిని క్రమంగా కరిగించుట వలన ఇటువంటి గుహలు ఏర్పడతాయి. పైకప్పు నుంచి జారే ప్రతి చుక్క రవ్వంత సున్నాన్ని విడిచిపెడుతుంది. అది పైనుంచి వేలాడితే స్టాలక్టైట్, నేల నుంచి పైకి పెరిగితే స్టాలగ్‌మైట్. వీటి పెరుగుదల సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలోనే ఉంటుంది. అనగా ఒక సెంటీమీటరు కొమ్మ విరిగితే పోయేది సుమారు నూరేళ్ల ప్రకృతి శ్రమ.

ఇటువంటి శిలారూపాలలో ఒకదానిని శివలింగంగా భావించి గిరిజనులు కొలుస్తారు. మహాశివరాత్రికి ఇక్కడ భక్తులు పెద్ద సంఖ్యలో చేరుతారు. మేతకు వెళ్లిన ఆవు పైకప్పు రంధ్రం గుండా లోపల పడగా, వెదుకుతూ వచ్చిన కాపరి గుహను చూశాడని స్థానిక గాథ. గోస్తనీ నది పేరును కూడా ఈ గాథతోనే ముడిపెడతారు. ఈ నదిపై నిర్మించిన తాటిపూడి జలాశయం విశాఖపట్నానికి తాగునీరు అందిస్తుంది. నది భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.

చట్ట రక్షణ

గుహ లోపలి చుక్క పైనున్న కొండ మీదనే ఆధారపడి ఉన్నది. బొర్రా పరిసర గ్రామాలలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయ పోరాటం చేసినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల నిమిత్తం లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పినది. గిరిజన భూమి హక్కుల వ్యాజ్యాలలో నేటికీ ఉదహరింపబడే ఈ "సమత తీర్పు"కు మూలం ఈ గుహల పరిసర భూములే.

సందర్శకులు పాటించవలసినవి

* శిలారూపాలను తాకరాదు. చేతి జిడ్డు అంటిన చోట రాయి నల్లబడటమే గాక, సున్నం పేరుకొనుట కూడా కుంటుపడుతుంది.
* పేర్లు చెక్కుట, ముక్కలు విరిచి తీసుకొనిపోవుట కూడదు.
* కేకలు వేయరాదు, గబ్బిలాలు చెదరిపోతాయి.
* తినుబండారాలు, ప్లాస్టిక్ సంచులు లోపలికి తీసుకొని వెళ్లరాదు.
* మెట్లు తడిగా ఉంటాయి గనుక జారని చెప్పులు ధరించవలెను. వృద్ధులు, శ్వాస ఇబ్బంది గలవారు అందరితో పోటీపడక మెల్లగా దిగవలెను.
* విద్యార్థులను తీసుకొని వచ్చే ఉపాధ్యాయులు చిన్న బృందాలుగా పంపుట మంచిది.

నిర్వాహకుల వైపున దీపాల విషయంలో జాగ్రత్త అవసరం. నిరంతరం వెలిగే దీపాల చుట్టూ నాచు పెరిగి శిలలను పాడుచేయుట ప్రపంచంలోని అనేక పర్యాటక గుహలలో కనిపించిన సమస్య. జనం ఉన్నప్పుడే వెలిగించుట, వేడి తక్కువ గల దీపాలు వాడుట ఇందుకు పరిష్కారాలు.

బొంగు చికెన్ అమ్మేవారు మొదలుకొని దారి చూపే మార్గదర్శకుల వరకు పరిసర గ్రామాల గిరిజన కుటుంబాలకు ఈ గుహలు జీవనాధారం. శిలలు చెక్కుచెదరక నిలిచినంత కాలమే సందర్శకులు వస్తారు, వారి జీవనోపాధి సాగుతుంది. చూసి, తాకకుండా తిరిగి రావడమే ప్రతి పర్యాటకుడు ఈ గుహలకు చేయగల మేలు.