అదుపు తప్పిన కారు, కర్త తప్పిన వాక్యం

2016లో పదవ తరగతి పిల్లలను 'రోడ్డు ప్రమాదాలు' అనే విషయం మీద వ్యాసం రాయమన్నాను. మా బడి జాతీయ రహదారికి కూతవేటు దూరంలో ఉంది. పిల్లల్లో సగం మంది ఆ రోడ్డు దాటే బడికి రావాలి. ఒక అమ్మాయి తన వ్యాసాన్ని ఇలా మొదలుపెట్టింది: "మాయమ్మను ఎవురో పిల్లోళ్లు కారుతో గుద్ది నిలపకుండా పోయిరి." నేను ఎర్రసిరాతో ఆ వాక్యం కొట్టేసి, పైన 'గుర్తు తెలియని వాహనం ఢీకొని మా అమ్మ మరణించింది' అని దిద్దాను. శిష్టవ్యవహారం నేర్పుతున్నాననుకున్నాను. ఆ అమ్మాయి వాక్యంలో చంపినవాళ్లున్నారు, వాళ్ల వయసుంది, నిలపకుండా పోవడమనే రెండో నేరముంది. నా వాక్యంలో ఒక వాహనం మాత్రమే మిగిలింది. దానికీ గుర్తు లేదు.

ఆ దిద్దుబాటు నా సొంతం కాదు. పత్రికల నుంచి, పోలీసు కాగితాల నుంచి నాకు తెలియకుండానే నేను నేర్చుకున్నది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే ఈ వ్యాసం పని.

మన పత్రికల్లో ప్రమాద వార్తకు రెండు అచ్చులున్నాయి. లారీ అయితే 'డ్రైవర్ నిర్లక్ష్యం'. ఖరీదైన కారయితే 'కారు అదుపు తప్పి'. 'అదుపు తప్పు' అకర్మక క్రియ. కర్త స్థానంలో కారు కూర్చుంటుంది. నడిపినవాడు వాక్యంలోంచి మెల్లగా దిగిపోతాడు. ఆ నడిపినవాడు పెద్దింటి కుర్రవాడై, తానూ చనిపోతే, 'విధి వక్రించింది', 'మృత్యువు కబళించింది' అని మరో మెట్టు పైకి వెళతాం. లారీ డ్రైవర్‌కు విధి వక్రించిందని రాసిన వార్త నేను ఇంతవరకు చదవలేదు.

కరువు ప్రాంతం వాళ్లకు ఈ రకం వాక్యం కొత్తది కాదు. 1876లో, ధాత నామ సంవత్సరంలో, మొదలైన మహాక్షామంలో మా ప్రాంతం అప్పటి బళ్లారి జిల్లాలో భాగంగా మలమల మాడిపోయింది. (అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో.) పాలకుల వాక్యం ఒక్కటే: వానలు పడలేదు. దేశంలోంచి ధాన్యం ఓడలకెక్కిపోతూనే ఉందన్నది ఆ వాక్యంలో లేదు. సహాయక పనుల్లో మనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి తగ్గించిన సర్ రిచర్డ్ టెంపుల్ పేరూ లేదు. మేఘమే కర్త. ఆ మేఘాన్ని కర్త స్థానం నుంచి దించడానికి మన సాహిత్యానికి నూరేళ్లు పట్టింది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి మా జిల్లా కథకులు కరువును దైవం మీదికి నెట్టలేదు. దాని వెనుక ఉన్న అప్పులను, మార్కెట్టును, రాజకీయాన్ని చూపించారు. ఇది అభ్యుదయ సాహిత్యం సాధించిన గెలుపుల్లో ఒకటని నేను పాఠం చెబుతుంటాను. అదే పాఠం చెప్పే నేను రోడ్డు మీది చావు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మేఘం భాష మాట్లాడాను.

చట్టం భాషకూ చరిత్ర ఉంది. తొందరపాటుతో గాని నిర్లక్ష్యంతో గాని ఒకరి చావుకు కారణమైతే గరిష్ఠంగా రెండేళ్ల జైలు అన్న 304-ఎ సెక్షన్ భారత శిక్షాస్మృతిలో చేరింది 1870లో. అప్పటికి మోటారు కారు పుట్టలేదు. శాసనకర్తల కళ్ల ముందున్నవి గుర్రపు బండ్లు, ఎడ్ల బండ్లు. 1914లో, 1939లో, 1988లో మోటారు వాహన చట్టాలు వచ్చాయి గాని ఆ రెండేళ్ల కొలత మారలేదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలయ్యాక అది అయిదేళ్లయింది. ఒక కాడి ఎద్దుల బలం ఒక అశ్వశక్తికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈనాటి కుర్రవాడి కాలి కింద అయిదు వందల అశ్వశక్తి ఉండవచ్చు. వేగం రెండింతలైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుందని తొమ్మిదో తరగతి సైన్సు చెబుతుంది. 154 ఏళ్లు ఎడ్లబండినీ ఆ కారునూ ఒకే తక్కెడలో తూచాం.

ఇక ఆ వేగం తెలుగునేల మీదికి వచ్చిన తీరు చూద్దాం. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో మొదటి ముక్క 2008లో తెరుచుకుంది. 120 కిలోమీటర్ల వేగానికి కట్టిన రోడ్డు. 2011 సెప్టెంబరులో క్రికెటర్ అజహరుద్దీన్ కుమారుడు, పందొమ్మిదేళ్లవాడు, ఆ రోడ్డు మీద వెయ్యి సీసీల మోటారు సైకిల్ నడుపుతూ పడిపోయి, ఆసుపత్రిలో చనిపోయాడు. వెనుక కూర్చున్న బంధువుల పిల్లవాడూ దక్కలేదు. ఆ డిసెంబరులోనే కోమటిరెడ్డి వెంకటరెడ్డి కుమారుడు స్నేహితులతో పాటు అదే రోడ్డు మీద కారులో మరణించాడు. 2017 మే 10 తెల్లవారుజామున జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని మెర్సిడెస్ బెంజ్ ఢీకొని, అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి పి.నారాయణ కుమారుడూ అతని స్నేహితుడూ చనిపోయారు. ఈ తండ్రుల దుఃఖాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పందొమ్మిదేళ్ల పిల్లవాడి శవం ఏ ఇంట్లోనైనా ఒకటే బరువు. నేనడిగేది వేరు. పరీక్షలో ర్యాంకు వస్తే బండి కొనిస్తామని మొక్కుకునే సమాజం, వేగాన్ని మగతనంగా చూపే సినిమా, అంత యంత్రాన్ని అంత వయసుకు అమ్మే మార్కెట్టు, ఇవన్నీ 'విధి' అనే రెండక్షరాల్లో ఎలా ఇమిడిపోయాయి?

పైవి నడిపినవారే చనిపోయిన ఘటనలు. నడిపినవారు బతికి, దారినపోయేవారు చనిపోయినప్పుడు వాక్యం ఇంకా వింతగా మారుతుంది. కర్త మాయం కావడం కాదు, ఒక కర్త స్థానంలోకి మరో కర్త వస్తాడు. 1999 జనవరిలో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు ఆరుగురిని చంపింది. (నేనూ 'కారు చంపింది' అనే రాశాను. కొట్టేయకుండా ఉంచుతున్నాను.) ఆ కేసులో బతికి బయటపడ్డ సాక్షి కోర్టుకు వచ్చి, ఢీకొన్నది లారీ అన్నాడు. లారీ! మన భాషలో ఎప్పుడూ నేరానికి సిద్ధంగా ఉండే ఆ కర్తే! నడిపిన యువకుడి మీద నేరం నిలుస్తుందని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, అప్పటికి అనుభవించిన జైలు చాలునంది. యాభై లక్షలు కట్టమంది, సమాజ సేవ చేయమంది.

2022 మార్చి 17 రాత్రి జూబ్లీహిల్స్‌లో ఎమ్మెల్యే స్టిక్కరున్న కారు రోడ్డు మీద బుడగలు అమ్ముకునే వలస కుటుంబాల ఆడవాళ్లను ఢీకొంది. ఒక తల్లి చేతిలోని రెండు నెలల బిడ్డ చనిపోయింది. నడిపింది నేనేనని ఒకరు లొంగిపోయారు. 2024లో పోలీసులు ఆ కేసును మళ్లీ తెరిచి, నడిపినవాడు వేరని ఆరోపించారు. నిజం తేలవలసింది కోర్టులో. 2024 మే 19న పుణేలో పదిహేడేళ్లవాడు నడిపిన పోర్షే కారు కింద ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయినప్పుడూ ఇదే. నేరం నెత్తిన వేసుకోమని ఇంటి డ్రైవర్ మీద ఒత్తిడి తెచ్చారని పోలీసుల ఆరోపణ. యజమాని బండికి జీతగాడే కర్త కావాలన్నది పాత జమీందారీ వ్యాకరణం. దానికి కొత్త చక్రాలు వచ్చాయంతే.

పుణే పిల్లవాడికి బాలనేరస్థుల మండలి బెయిలిస్తూ పెట్టిన షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద మూడు వందల మాటల వ్యాసం. దేశమంతా నవ్వింది, కోప్పడింది. నాకు మాత్రం మా అమ్మాయి నోటుపుస్తకం గుర్తుకొచ్చింది. అదే విషయం, అదే రకం వ్యాసం.

ఇక్కడ ఒక చిక్కుంది, దాటవేయకూడదు. గుద్ది పారిపోతే పదేళ్ల జైలు అనే నిబంధన వస్తుందని తెలిసి, 2024 జనవరిలో దేశమంతటా లారీ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది వాళ్ల వాదన. ఆ భయం అబద్ధం కాదు. ప్రభుత్వం ఆ ఒక్క ఉపనిబంధనను పక్కన పెట్టి, మిగతా చట్టాన్ని అమలు చేసింది. పారిపోయే లారీ డ్రైవరూ, పారిపోయే కారు కుర్రవాడూ వాక్యంలో ఒకేలా కనిపిస్తారు. ఒకడు జనానికి భయపడి పోతాడు, రెండోవాడు తనకేమీ కాదన్న ధీమాతో పోతాడు. ఆ తేడా చూపగలిగినది కథ ఒక్కటే. ప్రభుత్వ లెక్క చూపలేదు. 2022లో దేశంలో రోడ్డు మీద 1,68,491 మంది చనిపోయారని, అందులో నూటికి డెబ్బై పైచిలుకు అతివేగం వల్లనేనని ఆ లెక్క చెబుతుంది. చూశారా, అక్కడా కర్త అతివేగమే.

మా పీఠభూమి మీద ఏడో నంబరు జాతీయ రహదారి 2010 నంబర్ల మార్పులో నలభై నాలుగో నంబరైంది. గుత్తి, పామిడి, రాప్తాడు, పెనుకొండ, ఆపైన కొడికొండ, అటు బెంగళూరు. చెట్టూ చేమా తక్కువ, చూపుకు అడ్డం లేదు, నాలుగు వరుసలు. నేలే వేగాన్ని పిలుస్తుంది. ఆ రోడ్డుకు రెండువైపులా ఒకే ఊరి వేరుశనగ చేలు. ఇల్లు ఒకవైపు, చేను మరోవైపు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కరువు సీమకు నీళ్లకన్నా ముందు కార్లొచ్చాయని మా ఊరివాళ్లు వేళాకోళం చేస్తారు.

మా అమ్మాయి తల్లి వేరుశనగ కాయలు ఒలిచే కూలికి పోతూ, ఆదివారం పొద్దున ఆ రోడ్డు దాటుతుండగా చనిపోయింది. గొర్రెలకాపరి ఒకడు తెల్ల కారును, అందులోని పడుచువాళ్లను చూశాడు. నంబరు చదవడం అతనికి రాదు. వాహనం గుర్తు తెలియకపోతే చట్టం ప్రకారం వచ్చే పరిహారం అప్పట్లో పాతిక వేలు. 2022 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు. ఆ పాతిక వేలకు అర్జీ పెట్టుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే, అన్నీ తెలిసి చెప్పనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

మొన్న ఆ అమ్మాయి ఏదో సర్టిఫికెట్ కోసం బడికి వచ్చింది. అప్పుడు నీ వాక్యం కొట్టేసి తప్పు చేశానమ్మా అన్నాను. కాసేపు ఆలోచించింది. "నాకు గ్యాపకం లేదు సార్. మార్కులు మాత్రం బాగానే ఏసింటిరి" అంది.