ఇంటర్‌ప్రెటరు, దుబాసి, వ్యాఖ్యాత

ఆంగ్లమునందలి 'ఇంటర్‌ప్రెట్' అను క్రియకు వ్యాఖ్యానించుట, భాషాంతరీకరించుట అను రెండర్థములు గలవు. దీనికి మూలము లాటినులోని 'ఇంటర్‌ప్రెస్' అను పదము. అందలి పూర్వభాగమునకు 'నడుమ' అని యర్థము. ఉత్తరభాగమును వెలను దెలుపు శబ్దముతో పలువురు ముడిపెట్టుదురు గాని యది నిర్వివాదము కాదు. ఏమైనను రోమకులు దానిని బేరగాండ్ర మధ్యవర్తికిని, పరభాషను దెలియజెప్పువానికిని వాడిరి. అనకాపల్లి బెల్లపు విపణిలో కొనువారికిని అమ్మువారికిని నడుమ మాటలాడు దళారి నెఱిగినవారికి ఈ యర్థముల పొత్తు వింత గాదు.

మన 'దుబాసి' కథయు నట్టిదే. 'రెండు భాషలవాడు' అను నర్థమున హిందుస్థానీనుండి వచ్చిన యీ పదము రేవుపట్టణములలో దొరల వర్తకపు దళారికిని పేరైనది. ఆంగ్లేయులు దానినే 'డుబాష్' అని గైకొనిరి; 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ కోశమున నది కలదు. పుదుచ్చేరిలో డూప్లేకు దుబాసియైన ఆనందరంగపిళ్లె (1709–1761) స్వయముగా వర్తకుడు; కస్తూరి రంగకవి యొక ఛందోగ్రంథము నతని పేరనే రచించెను. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ఇంటర్‌ప్రెటరు. ఆ కొలువున బేరము లేదు, భాషయే కలదు.

అట్టివానిని వ్యాఖ్యాత యని తెనిగించుట మాత్రము పొసగదు. 'వ్యాఖ్య' యందు నడుమయు లేదు, వెలయు లేదు. 'ఖ్యా' ధాతువునకు చెప్పుట యర్థము; వి, ఆ అను నుపసర్గలు కూడగా విడమరచి చెప్పుట యగును. కోలాచల మల్లినాథసూరి కాళిదాసునకు బదులు మాటలాడలేదు. మూలము నెదుట నుంచియే పదపదమును విప్పెను.